సిస్టర్స్ స్కూలు రివ్యూ: వాన బాటిలు, బుడ్డల లెక్క, నా కుట్టు మిషను

మొన్న, 2025 ఏప్రిల్ 23న, రిపోర్టు కార్డులు చేతిలో పెట్టి ఇంటికి పంపించేసినారు, ఇంగ జూన్ 12 దాకా పిల్లోళ్ళు ఇంట్లోనే, నా చెవులు పోయినట్లే. ఎండ చూస్తే పదకొండుకే బయట కాలు పెట్టేట్టు లేదు, పెళ్ళి బ్లౌజులు మీద పడేలోపు పని కొంచెం నెమ్మదిగా ఉంది, అందుకని శానా రోజులుగా రాయాలనుకున్న ఈ రివ్యూ ఇప్పుడు రాస్తాండా. మా వీధిలో ఇప్పటికే నలుగురు అడిగినారు, అక్కా మీ పిల్లోళ్ళ స్కూలు ఎట్లుంది చేర్పించొచ్చా అని, నిలబడి చెప్తా ఉంటే మిషను మీద గుడ్డ అట్లే ఉండిపోతాంది.

మాది అనంతపురం, పాతూరు పక్క. నేను టైలరింగ్ చేస్తా, మా ఆయన మార్కెట్ యార్డులో గుమస్తా. పాప నాలుగు అయిపోయింది, చిన్నోడు ఒకటో తరగతి అయిపోయినాడు. ఇద్దరూ సిస్టర్లు నడిపే ఒక క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో చదువుతాండారు, ఎల్కేజీ నుంచి అయిదు దాకా ఉంది. స్కూలు పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇందులో మెచ్చుకోళ్ళతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, పిల్లోళ్ళు ఇంకా అక్కడే చదవాల కదా. ఫీజు ఇద్దరికీ కలిపి పుస్తకాలు కాకుండా 40,000 దాకా అయింది, మూడు కంతుల్లో కట్టినాం, మూడో కంతు లేటయితే సిస్టర్ పిలిచి అడిగింది కానీ పిల్లల్ని క్లాసులో లేపి నిలబెట్టలేదు, అది ముందు చెప్పాల.

ఎందుకు మార్చినామో కూడా చెప్పాల. రెండో తరగతి దాకా పాప వేరే స్కూల్లో ఉన్నింది, పెద్ద బిల్డింగు, ఏసీ వ్యాను, అంతా బాగుండేది, కానీ వారానికొక ప్రాజెక్టు వర్కు అని చీటీ వచ్చేది. అగ్నిపర్వతం చేసుకోని రండి, సౌరకుటుంబం చేసుకోని రండి. ఆరేడేళ్ళ పిల్ల థర్మకోల్ కోస్తాదా? రాత్రి పదకొండింటికి నేను, మా ఆయన కూర్చుని కోస్తాంటే పాప నిద్రపోయేది. స్టేషనరీ షాపోళ్ళు తెలివైనోళ్ళు, తయారు చేసినవే అమ్ముతాంటారు, గ్రహాలు అన్నీ కలర్లు వేసి రెడీగా. ఒకసారి అట్లే కొని పంపిస్తే పాపకు ఫస్ట్ ప్రైజు వచ్చింది, నాకు సిగ్గేసింది. దానికి శని గ్రహం ఏదో కూడా తెలీదు. శని అంటే గుళ్ళో నూనె పోసే సామి అని చెప్పింది, అది తప్పేం కాదులే.

ఈ స్కూల్లో ఈ ఏడాది చేయించిన పనులు ఇంటికి రాలేదు. అదే నేను ఇచ్చే పెద్ద మార్కు. పిల్లోళ్ళే చేసినారు, వంకరటింకరగా చేసినారు, చేసింది వాళ్ళకు గుర్తుంది.

జూన్లో స్కూలు తెరిచిన కొత్తల్లో పాప ఒక ఖాళీ కూల్ డ్రింక్ బాటిలు కావాలనింది. సరే మళ్ళీ మొదలైంది ప్రాజెక్టు అని తల పట్టుకున్నా. కాదు, బాటిలు మాత్రమే కావాలంట, మిగతాది టీచరు కత్తెరతో కోసి ఇస్తాదంట. పైన మూతి భాగం కోసి తలకిందులుగా లోపల పెట్టినారు గరాటు మాదిరి, అడుగున బాటిలు గుండ్రంగా ఎగుడుదిగుడుగా ఉంటాది కదా, దాంట్లో గులకరాళ్ళు వేసి, వాటిపైకి నీళ్ళు పోసి, ఆ నీళ్ళ అంచు దగ్గర సున్నా గీత పెట్టినారు, పక్కన కాగితం స్కేలు అతికించి పైన టేపు చుట్టినారు. అంతే, వానకొలత అయింది. నాలుగో తరగతిలో ఆరుగురికొక బాటిలు.

మొదటి వానకే తమాషా. పాప వాళ్ళ గ్రూపు బాటిలు వేపచెట్టు కింద పెట్టుకున్నారు, ఎండకు కాలుతాది పాపం అని. మిగతా గ్రూపులకు ఏడు మి.మీ. వస్తే వీళ్ళకు మొదట నాలుగే వచ్చిందంట, వాన నిలిచినాక గంట సేపు ఆకుల మీద నుంచి చుక్కచుక్కా పడి తొమ్మిదయిందంట. టీచరు తప్పు అనలేదంట, ఎందుకట్లయిందో మీరే చెప్పండి అని వదిలేసిందంట. మూడు రోజులు ఇంట్లో ఇదే మాట, అన్నం తినేటప్పుడు కూడా. నాలుగో రోజు బాటిలు మైదానం మధ్యకు పోయింది.

తర్వాత లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళంట, నాకు ఈ వయసులో తెలిసింది. వాళ్ళ క్లాసురూము మిద్దె 10 మీటర్ల పొడుగు 6 మీటర్ల వెడల్పు అనుకుంటే 60 చదరపు మీటర్లు, 20 మి.మీ. వాన పడితే 1,200 లీటర్లు. గుణకారాలు అంటే ఏడ్చే పిల్ల మా మిద్దె కూడా కొలుస్తానని నా టేపు ఎత్తుకోని పోయింది, కొలత టేపు టైలరు దగ్గర నుంచి తీసుకుంటే ఎట్లుంటాదో టైలర్లకే తెలుస్తాది. మా మిద్దెకు ఒక వానకు ఎన్ని బిందెలు వస్తాయో చెప్పి, మరి మనం ట్యాంకరుకు దుడ్లు ఎందుకిస్తాండాం నాయనా అని వాళ్ళ నాయన్ని అడిగింది. ఆయన గమ్మున టీవీ సౌండు పెంచుకున్నాడు.

దీనికన్నా పెద్దది అక్టోబర్లో జరిగింది. 2024 అక్టోబర్ 22 అందరికీ గుర్తుండే ఉంటాది, పండమేరు వాగు పొంగి ఊరి పక్క కాలనీల్లోకి నీళ్ళొచ్చేసినాయి, రాత్రికి రాత్రి సామాన్లు, బైకులు అన్నీ కొట్టుకుపోయినాయి జనాలకు. నా దగ్గర కుట్టించుకునే ఒకామె ఇల్లు కూడా మునిగింది, బిడ్డల సర్టిఫికెట్లు మాత్రం పట్టుకోని బయటపడినారు. పాపకు వచ్చిన అనుమానం ఏందంటే, మా బాటిల్లో అంత వాన లేదే, ఊరు మునిగేంత నీళ్ళు యాడ నుంచి వచ్చినాయి? నేను చెప్పలేకపోయినా. స్కూల్లో టీచరు జిల్లా మ్యాపు గోడకు తగిలించి, పైన కనగానపల్లి పక్క కుండపోత కురిసిందని, ఆ నీళ్ళన్నీ వాగులోకి దిగి మన దగ్గరికి వచ్చినాయని వేలు పెట్టి చూపించిందంట. మన నెత్తిన పడని వాన కూడా మన ఇంట్లోకి వస్తాదన్న మాట, అని పాప అనింది, అన్నం కలుపుతా. కరువు జిల్లా కరువు జిల్లా అని మేము పుట్టినప్పటి నుంచి వింటానే ఉన్నాం, ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడే చోటు, వాన లేక ఏడ్చినోళ్ళమే కానీ వాన గురించి ఇట్ల ఆలోచించింది లేదు.

ఆ వారం స్కూల్లో పిడికెడు బియ్యం అడిగినారు. ఇది క్యాథలిక్కోళ్ళ దగ్గర మామూలే అంట, ఇంట్లో అన్నం వండేటప్పుడు రోజూ ఒక పిడికెడు పక్కన వేసి చర్చికి ఇస్తారంట. ఇక్కడ పిల్లోళ్ళందరూ తలా ఒక కవరు తెచ్చినారు. మా చిన్నోడు పిడికెడు అంటే వాడి పిడికెడే అని పట్టుబట్టినాడు, నేను గ్లాసు పోస్తానంటే ఏడుపు, రూలు రూలే అంట వాడికి. సరే వాడి చేతికి పట్టినన్ని పంపించినా.

తర్వాత బుడ్డలు. వేరుశనగ అని పుస్తకాల్లో రాసుకుంటారు కానీ మాకు బుడ్డలే. కోతలయినాక నవంబర్లో ఒక్కో పిల్ల ఇంటి నుంచి ఒక దోసెడు బుడ్డలు తెమ్మన్నారు. ఒక్కో కాయ వలిచి లోపల ఒక గింజా, రెండా, మూడా, తాలా అని చూసి గీతలు గీసుకోవాల, నాలుగు నిలువు గీతలు ఐదోది అడ్డం. పాప దోసెట్లో 64 కాయలు ఉన్నాయి, అందులో రెండు గింజలవి 41, ఒంటివి 14, మూడు గింజలవి 3, తాలు 6. ఈ అంకెలు నేను రాసుకోలేదు, దానికే నోటికొచ్చు ఇప్పటికీ. 64 లో 6 తాలు అంటే భిన్నం ఎట్ల రాయాల, సగానికి సగం చేస్తే 32 లో 3, అక్కడి నుంచి భిన్నాలు మొదలుపెట్టినారు. గ్రాఫు అని గోడ మీద చార్టులో కాయలే అతికించినారు, ఎక్కువున్న వరస ఎత్తుగా లేస్తాది కదా. రెండ్రోజుల్లో చీమలు పట్టి తీసేసినారంట, అది వేరే కథ.

సంక్రాంతికి రాప్తాడు పక్క మా నాయన వాళ్ళ ఊరికి పోతే ఇది తాతను కూర్చోబెట్టి నూరు కాయలకు ఎన్ని తాలు పోతాయి తాతా అని అడిగింది. ఆయన నవ్వినాడు. మేము నూరు కాయలు లెక్కపెట్టం లేమ్మా, గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపితే తెలుస్తాది అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని పందెం వేసుకున్నారు, ఈయన ఊపి చెప్పడం, ఇది వలిచి లెక్కపెట్టడం. పది సార్లలో ఎనిమిది సార్లు తాతే గెలిచినాడు. సెలవులయినాక పాప ఈ సంగతి క్లాసులో చెప్తే టీచరు అందరితో చప్పట్లు కొట్టించిందంట తాతకు. మా నాయనకు ఫోన్ చేసి చెప్తే ఏం మాట్లాడలేదు కానీ ఫోన్ పెట్టేసే ముందు ఆ టీచరుది ఏ ఊరంట అని అడిగినాడు.

ఇంగ క్రిస్మస్ సంగతి. ఇక్కడ నా పొగడ్త కొంచెం వెనక్కి తీసుకోవాల. అమ్మలకు పని పెట్టరు అన్నా కదా, నేను టైలరునని ఎవరు చెప్పినారో తెలీదు, డిసెంబర్ మొదటి వారంలో సిస్టర్ పిలిచి దేవదూతల గౌన్లు 14 కుట్టాల అనింది. తెల్ల శాటిన్, చేతులు వెడల్పుగా, నడుముకు జరీ తాడు. శాటిన్ కుట్టినోళ్ళకు తెలుస్తాది జారే గుడ్డ, సూది కింద నిలవదు, అంచులు పీచు లేస్తాయి. పది రోజులు రాత్రిళ్ళు కుట్టినా. కూలి ఇచ్చినారు, ఇవ్వలేదని చెప్పను, కానీ ఫిబ్రవరిలో ఇచ్చినారు, అదీ రెండుసార్లు ఆఫీసు దగ్గర నిలబడినాక. మా చిన్నోడికి గొర్రె వేషం వచ్చింది. దేవదూత కాదా సిస్టర్ అని అడిగితే నవ్వేసింది. వాడు మాత్రం సంతోషంగా నెల రోజులు ఇంట్లో మే మే అని తిరిగినాడు. ముగ్గురు జ్ఞానుల్లో ఒకడు మా వెనక వీధి సాయిబుల పిల్లోడు, వాళ్ళ జేజి (అవ్వ) ఇచ్చిన అత్తరు సీసానే సాంబ్రాణి కానుకగా పట్టుకొచ్చినాడు, స్టేజీ ముందు వరసంతా వాసనే వాసన.

కానీ పశువుల పాక కట్టింది మాత్రం పిల్లోళ్ళే. జొన్న దంట్లు తెచ్చి కట్టినారు, బంకమట్టితో ఆవులు, గాడిదలు చేసినారు, కొన్నిటికి మూడు కాళ్ళే. ముందు గడ్డి కావాల కదా, దానికి పది రోజుల ముందే పళ్ళాల్లో మట్టి వేసి రాగులు చల్లినారు. ఒక పళ్ళెం కిటికీ దగ్గర, ఒకటి బీరువాలో చీకట్లో. కిటికీ దగ్గరిది పచ్చగా పొట్టిగా వచ్చింది, చీకట్లోది పొడుగ్గా పసుప్పచ్చగా వాలిపోయి వచ్చింది. ఒకటో తరగతోడు నాకు చెప్తాడు, అమ్మా, చీకట్లో ఉన్న మొక్క ఎండ కోసం ఎతుక్కుంటా పొడుగు పెరుగుతాది, బలం ఉండదు అని. కిరణజన్య సంయోగక్రియ అని నేను ఏడో తరగతిలో బట్టీ పట్టి మర్చిపోయినా. వీడికి ఆ మాట రాదు, సంగతి వచ్చు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. మతం మారుస్తారా? మా అత్త మొదటి రోజు నుంచి ఇదే. నేను చూసింది చెప్తా. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన ఉంటాది, పరలోకమందున్న మా తండ్రీ అని, పిల్లోళ్ళకు నోటికొచ్చేసింది, ఇంట్లో స్నానం చేస్తా కూడా పాడుకుంటారు, దాని తర్వాతే శుక్లాంబరధరం కూడా పాడతారు, రెండూ ఒకే రాగంలో. వారానికి రెండు పీరియడ్లు క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ళ మతం క్లాసుకు, పోతారు, మిగతా వాళ్ళకు మోరల్ సైన్సు. బొట్టు తీయమని గానీ గాజులు తీయమని గానీ ఎవరూ అనలేదు, అయ్యప్ప మాల వేసిన పిల్లోడు నల్ల బట్టల్లోనే 41 రోజులు వచ్చినాడు. ప్రార్థన కూడా వద్దనుకునే వాళ్ళయితే ఇది మీ స్కూలు కాదు, అంతే.

దీనికి సంబంధించే ఒక పని మార్చిలో చేయించినారు, నాకు ఈ ఏడాదిలో అన్నిటికంటే నచ్చింది అదే. ఈసారి శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చె, రంజాన్ ఒక్కపొద్దులు మార్చి 2న మొదలాయె, మార్చి 5న క్యాథలిక్కోళ్ళ విభూది బుధవారం, అంటే ఎనిమిది రోజుల్లో మూడు. నాలుగో తరగతి టీచరు పిల్లోళ్ళకు ఒక కాగితం ఇచ్చింది, ఇంట్లో, పక్కింట్లో ఒక్కపొద్దు ఉండేవాళ్ళను అడిగి రాసుకోని రావాల. ఎన్ని గంటలు, ఎన్ని రోజులు, నీళ్ళు తాగొచ్చా, ఏం తిని విడుస్తారు, కష్టం ఎప్పుడు అనిపిస్తాది. చివరి ప్రశ్న చూడండి, అది పుస్తకంలో ఉండదు.

మా పాప మా అత్తను అడిగింది, వెనక వీధి జేజిని అడిగింది, వాళ్ళ క్లాసులో ఉండే ఒక క్యాథలిక్ పిల్ల వాళ్ళమ్మను కూడా అడిగింది. మా అత్తకు కష్టం రాత్రి రెండింటికి జాగారంలో అంట, ఆకలి కాదు నిద్ర. జేజికి నాలుగు గంటలప్పుడు గొంతు ఎండిపోతాది అంట, రంజాన్ ఎండల్లో వస్తే నీళ్ళు కూడా లేకుండా సాయంత్రం దాకా ఉండాల కదా, ఖర్జూరం తిని విడుస్తారు, తర్వాత గంజి. ఆ క్యాథలిక్ పిల్ల వాళ్ళమ్మ తపస్సు కాలమంతా, అంటే ఈస్టరు దాకా 40 రోజులు, కూర ముట్టదంట, కూర అంటే మాకాడ మాంసం, వాళ్ళాయన మాత్రం ఆదివారం బిరియాని తెచ్చుకుంటాడంట, అప్పుడు కష్టమంట. ఇదంతా పిల్లోళ్ళు క్లాసులో చదివి ఒకటే నవ్వులు.

విభూది దగ్గర మా అత్త మెత్తబడిపోయింది. చర్చిలో నుదుట బూడిదతో శిలువ గుర్తు పెడతారు, ఆ బూడిద పోయిన ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం రోజు పంచిన మట్టలు కాల్చి చేసింది అని పాప వచ్చి చెప్పింది. మాది పిడకలు కాల్చి చేసింది, వాళ్ళది మట్టలు కాల్చి చేసింది, అయితే ఇద్దరూ బూడిదే పెట్టుకునేది అనింది మా అత్త. ఆ రోజు నుంచి మతం మాట కొంచెం తగ్గింది ఇంట్లో, పూర్తిగా పోలేదు.

ఇంకొక చిన్న పని కూడా ఇచ్చినారు, బయట నుంచి మన జిల్లాకు వచ్చి ఉండిపోయిన మనిషి గురించి ఇంట్లో పెద్దోళ్ళను అడగమని. పాప మా అమ్మను అడిగితే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) పెద్ద సారు గురించి చెప్పింది. విన్సెంట్ ఫెర్రర్ 1952 లో స్పెయిన్ నుంచి మన దేశానికి వచ్చినాడు, అప్పుడు జెస్యూట్ అనే క్యాథలిక్ సభలో మిషనరీ, 1969 లో అనంతపురం చేరినాడు, తర్వాత ఆ సభ నుంచి బయటికొచ్చినాడు, 2009 లో పోయినాడు, బత్తలపల్లి ఆస్పత్రి దగ్గరే సమాధి. మా అమ్మ వాళ్ళ ఊర్లో వాళ్ళు కట్టించిన ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పాప రెండు పేజీలు రాసింది, తెలుగులో, ఒత్తులు అక్కడక్కడా ఎగిరిపోయినాయి.

తెలుగు అనగానే నా కోపం గుర్తొచ్చింది. ఇంత బాగా చేయించే స్కూల్లో, ఆట టైములో తెలుగు మాట్లాడితే పేర్లు రాసుకునే లీడరు ఒకడుంటాడు. పేరు పడితే ఐ విల్ స్పీక్ ఇంగ్లీష్ అని 20 సార్లు రాయాల. జేజిని, తాతను తెలుగులో అడిగి రమ్మంటారు, అది క్లాసులో చెప్పేటప్పుడు ఇంగ్లీషులో చెప్పు అంటారు. తాలు కాయకు ఇంగ్లీషు ఏందో పాపకు తెలీక నోరు మూసుకోని కూర్చుందంట ఒక రోజు. తెలుగు టీచరమ్మ మాత్రం బంగారం, జనవరి 19 వేమన జయంతికని పిల్లోళ్ళతో పద్యాలు చెప్పించింది, వేమన సమాధి కటారుపల్లిలో ఉందని, మన ఉమ్మడి జిల్లానే అని చెప్పి గర్వంగా ఫీలయ్యేట్టు చేసింది, అదే వారంలో తెలుగు మాట్లాడినందుకు మా పాప పేరు రెండుసార్లు పడింది. ఇదేం లెక్క సిస్టర్ అని పేరెంట్స్ మీటింగులో అడిగినా. తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటారు కదమ్మా అనింది. అదీ నిజమే, నా పక్కన కూర్చున్నోళ్ళు నలుగురూ తలాడించినారు. అయినా నాకు మింగుడు పడలేదు.

డైరీలో కూడా అన్నీ ఇంగ్లీషులోనే రాస్తారు. నేను పదో తరగతి చదివినా కాబట్టి కూడబలుక్కుంటా, చదువు రాని అమ్మలు నా షాపుకు వచ్చి చదివించుకుంటారు, ఫీజు చీటీనా సెలవు చీటీనా అని. రెండు ముక్కలు తెలుగులో రాస్తే ఏం పోతాది.

మిగతా లోపాలు గబగబా చెప్పేస్తా. క్లాసుకు 48 మంది. ఒకటో తరగతిలో అంతమంది ఎక్కువ, మా చిన్నోడు వెనక బెంచీలో కూర్చుని అక్షరాలు తిరగేసి రాస్తాన్నాడని నేను చూసి చెప్తే గానీ టీచరుకు తెలీలేదు. ఆఫీసు ఫోన్ ఎత్తరు. యూనిఫాం గుడ్డ వాళ్ళు చెప్పిన షాపులోనే కొనాల, నా చేతికి తెలుస్తాది కదా, పాలిస్టర్ ఎక్కువ, అనంతపురం ఎండకు అది వేసుకుంటే పిల్లోళ్ళు ఉడికిపోతారు. కాటన్ కలిసిన గుడ్డ అదే రంగులో మీటరు 30 రూపాయలు ఎక్కువ పెడితే దొరుకుతాది, చెప్పి చూసినా, పైన అడగాల అన్నారు. పైన అంటే ఏందో, మా జిల్లా కర్నూలు మేత్రాసనం (బిషప్పు పరిధి) కింద వస్తాదంట, గుడ్డ ముక్క కోసం కర్నూలు దాకా పోవాలేమో. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు పెట్టినారు కాబట్టి బతికినారు పిల్లోళ్ళు, 12:30 కు వదిలితే ఇంటికొచ్చి చొక్కా విప్పి పారేసేది.

ఫ్రీ సీటు గురించి కూడా ఇద్దరు అడిగినారు. ప్రైవేటు స్కూళ్ళలో పేద పిల్లలకు 25 శాతం సీట్లు అని విద్యాహక్కు చట్టంలో ఉంది కదా, అది మైనారిటీ స్కూళ్ళకు వర్తించదు, 2014 లో సుప్రీంకోర్టు చెప్పేసింది. కాబట్టి సచివాలయంలో అప్లై చేసి ఈ స్కూలు రాయొద్దు, టైము వేస్టు. కష్టంలో ఉన్నోళ్ళు నేరుగా పోయి సిస్టర్ని అడిగితే కొంత తగ్గిస్తారు, నాకు తెలిసి ఇద్దరికి తగ్గించినారు, కానీ అడగాల, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఆఖరి వారం కొంచెం దిగులుగా గడిచింది. ఈస్టరు మర్నాడు, ఏప్రిల్ 21 సోమవారం, పోప్ ఫ్రాన్సిస్ పోయినారు కదా, మంగళవారం అసెంబ్లీలో ఫోటో పెట్టి కొవ్వొత్తి వెలిగించినారంట. సిస్టర్లలో పెద్దావిడ ఏడ్చిందంట, సిస్టర్ ఏడవడం మా పిల్లోళ్ళు ఎప్పుడూ చూడలేదు, ఇంటికొచ్చి మెల్లగా చెప్పినారు. చిన్నోడికి పోప్ అంటే హెడ్మాస్టర్లందరికీ హెడ్మాస్టరు అని అర్థమయింది. ఆయనది అర్జెంటీనా అని, అది మెస్సీ దేశం అని, ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం అని ఎవరో చెప్పినారు వాడికి. ఆ సాయంత్రం వీధిలో బంతి తన్నుతా ఇది పోప్ గోలు అని అరిచినాడు. తప్పో ఒప్పో తెలీక నేను ఏమీ అనలేదు.

రిపోర్టు కార్డు ఇచ్చే రోజు టీచరు మార్కుల కన్నా ముందు ఒక నోట్ బుక్కు నా చేతిలో పెట్టింది, వాన రాసుకున్న బుక్కు. జూన్ నుంచి రోజుకొక గీత. మధ్యలో నెలలకు నెలలు సున్నా, సున్నా, సున్నా. వాన లేని రోజు కూడా ఎందుకు రాసినావ్ పాపా అంటే, రాయకపోతే ఆ రోజు చూడలేదనుకుంటారు కదమ్మా అనింది. లెక్కల్లో 68 వచ్చినాయి, పోయినేడు 51. ఇంగ్లీషులో తగ్గినాయి. చిన్నోడు అక్షరాలు ఇప్పుడు తిరగేయడం లేదు, ణ ఒక్కటి తప్ప.

అయిదు స్టార్లకు నేనయితే నాలుగిస్తా, ఆ పేర్లు రాసుకునే లీడర్ని తీసేస్తే మిగతా ఒకటి కూడా ఇస్తా. అడ్మిషన్లకు మే నెలలోనే పొండి, ఆధారు, బర్త్ సర్టిఫికెట్, పాత స్కూలు టీసీ పట్టుకోని, పొద్దున పదిలోపు పోతే సిస్టర్ దొరుకుతాది, ఫోన్ నమ్ముకోవద్దు.

బాటిల్ని పాప ఇంటికి తెచ్చేసుకుంది సెలవులకు. మిద్దె మీద పిట్టగోడ పక్కన ఇటుకల మధ్య పెట్టింది. నిన్న సాయంత్రం గాలి లేచి దుమ్ము కొట్టి నాలుగు చినుకులు పడినాయి, మేమంతా ఆరేసిన బట్టలు తీసేదానికి పరిగెత్తితే అది బాటిలు దగ్గరికి పరిగెత్తింది. నోట్ బుక్కు కింద ఉందని, మర్చిపోకముందే రాయాలని, బొగ్గు ముక్కతో పిట్టగోడ మీద 2 మి.మీ. అని ఇంత లావు అక్షరాలతో రాసేసింది. ఆ గోడకు పెయింటు కొట్టించి ఆర్నెల్లు కాలేదు.